బావిలో గుండ్లు, ఇసుకలో డాలర్లు

చాలా కాలంగా రాయాలనుకుంటూ, ప్రతిసారీ మొదటి పేరా దగ్గరే ఆగిపోయిన విషయం ఇది. జవాబు దొరకని కథలంటే నాకు చిన్ననాటి నుంచీ ఒక బలహీనత. వాటన్నిటిలోనూ నన్ను ఎక్కువ కాలం వెంటాడినది, మా ఆలేరుకు వేల మైళ్ళ దూరంలో, అమెరికా వాయవ్య మూలన 1971లో జరిగిన ఒక విమానం హైజాకింగు. దాని గురించి దొరికినదల్లా చదివాను. బడిపిల్లలకు విజ్ఞానశాస్త్రం చెప్పి రిటైరైన మనిషికి ఈ దొంగ కథలెందుకని మా ఇంట్లో అడిగేవారు. సరైన సమాధానం చెప్పలేకపోయేవాణ్ణి. సమాధానం మా పెరటి చేదబావిలో ఉంది. ఆ సంగతికి తరువాత వస్తాను. ముందు విమానం సంగతి.

1971 నవంబరు 24, బుధవారం. అమెరికావారు కృతజ్ఞతా దినంగా జరుపుకునే గురువారానికి ముందు రోజు. పోర్ట్‌లాండ్ విమానాశ్రయంలో నలభై ఏళ్ళు దాటినట్లు కనిపించే ఒక మనిషి నగదు చెల్లించి సియాటిల్‌కు టికెట్టు కొన్నాడు. ముదురు రంగు సూటు, నల్ల టై, చేతిలో ఒక బ్రీఫ్‌కేసు. పేరు డాన్ కూపర్ అని చెప్పాడు. ఆ రోజుల్లో గుర్తింపు పత్రాలు అడిగేవారూ లేరు, పెట్టెలు తెరిచి చూసేవారూ లేరు. నార్త్‌వెస్ట్ ఓరియెంట్ సంస్థవారి 305వ నంబరు విమానం, బోయింగ్ 727. పట్టుమని గంట కూడా పట్టని ప్రయాణం.

విమానం లేచిన కాసేపటికి అతడు ఫ్లారెన్స్ షాఫ్నర్ అనే పరిచారికకు ఒక చీటీ అందించాడు. ఒంటరిగా ప్రయాణించే మగవాళ్ళు ఫోను నంబరు రాసివ్వడం ఆమెకు కొత్త కాదు. చదవకుండానే చేతిసంచిలో వేసుకున్నది. అది చదివితే మంచిదని, తన దగ్గర బాంబు ఉన్నదని అతడు మెల్లగా చెప్పాడు. బ్రీఫ్‌కేసు కొంచెం తెరిచి, ఎర్రని గొట్టాలనూ తీగలనూ బ్యాటరీనీ చూపించాడు. అతడు అడిగినవి రెండు లక్షల డాలర్లు, నాలుగు పారాచూట్లు, సియాటిల్‌లో దిగేసరికి సిద్ధంగా ఇంధనం. ఇవి సమకూరేదాకా విమానం ఆకాశంలోనే చక్కర్లు కొట్టింది. తోటి ప్రయాణికులు 36 మందికీ యంత్రంలో ఏదో చిన్న లోపమని చెప్పారు.

డబ్బు వచ్చింది. అన్నీ ఇరవై డాలర్ల నోట్లు, మొత్తం పదివేలు. బరువు తొమ్మిది కిలోల పైమాటే. ప్రతి నోటు నంబరూ ముందే మైక్రోఫిల్ముకు ఎక్కింది. ప్రయాణికులను, ఇద్దరు పరిచారికలను దింపేసి, మిగిలిన నలుగురు సిబ్బందితో రాత్రి 7:40 ప్రాంతంలో విమానాన్ని మళ్ళీ లేపించాడు. మెక్సికో వైపు పోవాలన్నాడు. పదివేల అడుగులకు మించి ఎగరరాదు, చక్రాలు మడవరాదు, రెక్కల ఫ్లాపులు 15 డిగ్రీలు దించి ఉంచాలి. ఇవి విమానాల సంగతి తెలిసిన మనిషి చెప్పే మాటలు. బోయింగ్ 727కు తోక కింద దించుకునే మెట్లు ఉంటాయి. వాటిని గాలిలో ఉండగా కూడా దించవచ్చునని అతనికి తెలుసు. టీనా మక్‌లో అనే పరిచారికను ముందున్న కాక్‌పిట్‌లోకి పంపేసి అతడొక్కడే వెనుక మిగిలాడు. 8:13 ప్రాంతంలో విమానం తోక ఒక్కసారి ఎగిరిపడినట్లు పైలట్లకు తెలిసింది. రెనోలో దిగి చూస్తే మెట్లు వేలాడుతున్నాయి, మనిషి లేడు.

అదే సంవత్సరం జనవరి 30న మన ఇండియన్ ఎయిర్‌లైన్స్ వారి 'గంగ' అనే చిన్న ఫోకర్ విమానాన్ని శ్రీనగర్ నుంచి జమ్మూ పోతుండగా లాహోరుకు మళ్ళించి, తరువాత తగలబెట్టారు. ఆ పని ఎవరు చేశారో లోకానికి తెలుసు, ఎవరి కోసం చేశారన్నదే తగవు. కూపర్ కథ దానికి తలకిందులు. ఎందుకు చేశాడో తెలుసు, ఎవరన్నదే తెలియదు. అమెరికా దేశంలో విమానాన్ని హైజాక్ చేసిన కేసుల్లో నేటికీ తేలకుండా మిగిలినది ఇదొక్కటే.

ఇక్కడ ఒక చిన్న విషయం చెప్పాలి. నా మటుకు నాకు ఈ కేసు మొత్తంలో అన్నిటికన్నా బరువైనది అదే. అతడు టికెట్టు మీద చెప్పిన పేరు డాన్ కూపర్. కానీ లోకమంతా అతన్ని పిలిచేది డి. బి. కూపర్ అని. ఎందుకంటే, ఆ రాత్రే పోలీసులు ఆ పేరు గల స్థానికుడొకణ్ణి, ఎందుకైనా మంచిదని, విచారించారు. అతనికి ఏ సంబంధమూ లేదని వెంటనే తేలిపోయింది. ఈలోగా ఒక విలేకరి తొందరలో రెండు పేర్లనూ కలిపేశాడు. వార్త తంతి మీద దేశమంతా పోయింది. తప్పు దిద్దినవాళ్ళు లేరు. అర్ధశతాబ్దం దాటినా ఆ దొంగ పేరు నిజానికి ఒక నిర్దోషి పేరు.

*

మనిషి పోయాడు కానీ వస్తువులు మిగిలాయి. కుర్చీ దగ్గర నల్లని టై ఉన్నది. ముడి వేసే పని లేకుండా కాలరుకు తగిలించుకునే రకం, దాని మీద ముత్యపుచిప్ప పొదిగిన పిన్ను. ఎనిమిది సిగరెట్టు పీకలు ఉన్నాయి, అవి తరువాత దర్యాప్తువారి చేతిలోనే ఎక్కడో పోయాయి. రెండు పారాచూట్లు ఉన్నాయి. వాటిలో ఒకదాని తాళ్ళు కోసి డబ్బు సంచికి కట్టుకున్నట్లు కనిపించింది. ఇచ్చిన నాలుగింటిలో ఒకటి శిక్షణలో చూపడానికి కుట్టేసి ఉంచిన ఉత్తుత్తి పారాచూటు, పొరపాటున వచ్చింది. అది విమానంలో లేదు. అంటే చీకట్లో, చలిలో, తెరుచుకోనిదాన్ని కూడా వెంటబెట్టుకొని దూకాడన్నమాట.

1972 జనవరిలో అదే విమానాన్ని తీసుకుపోయి, దాదాపు తొంభై కిలోల బరువును తోక మెట్ల మీద నుంచి జారవిడిచి చూశారు. తోక అచ్చం అలాగే ఎగిరిపడింది. దూకిన సమయం అలా స్థిరపడింది. కానీ అప్పుడు విమానం సరిగ్గా ఏ నేల మీద ఉన్నదో, గాలి ఎటు తోసిందో ఎవరూ ఖాయంగా చెప్పలేకపోయారు. సైనికులు అడవులు గాలించారు, ఏమీ దొరకలేదు. 1978లో కాజిల్ రాక్ అనే ఊరి దగ్గర అడవిలో, తోక మెట్లు దించే విధానం అచ్చు వేసిన ప్లాస్టిక్ పలక ఒక వేటగాడికి దొరికింది.

ఆ తరువాత 1980 ఫిబ్రవరి 10. కొలంబియా నది ఒడ్డున, వాషింగ్టన్ రాష్ట్రపు వాంకూవర్ దిగువన, టీనా బార్ అనే ఇసుక తీరం. బ్రయన్ ఇన్‌గ్రమ్ అనే ఎనిమిదేళ్ళ పిల్లవాడు నెగడు వేయడానికి ఇసుకను చేత్తో చదును చేస్తున్నాడు. చేతికి మూడు కట్టలు తగిలాయి. అంచులు చివికిపోయిన ఇరవై డాలర్ల నోట్లు, మొత్తం 290, అంటే 5,800 డాలర్లు. రబ్బరు బ్యాండ్లు ఇంకా కట్టలను పట్టుకొనే ఉన్నాయి. నంబర్లు సరిపోయాయి, అది కూపర్ సొమ్మే. మిగిలిన 9,710 నోట్లలో ఒక్కటైనా ఇప్పటివరకు ఎక్కడా కనిపించలేదు.

1986లో ఆ నోట్లను పిల్లవాడికీ బీమా సంస్థకూ చెరిసగం పంచి, 14 నోట్లను మాత్రం దర్యాప్తువారు సాక్ష్యంగా ఉంచుకున్నారు. 2008లో అతను తన వాటాలోని 15 నోట్లు వేలం వేస్తే దాదాపు 37 వేల డాలర్లు పలికాయి. చివికిన నోటుకు సరికొత్త నోటు కంటే వంద రెట్లకు పైగా విలువ! జవాబు లేని ప్రశ్నకు జనం కట్టిన వెల అది.

*

ఇక మా బావి దగ్గరికి వస్తాను.

1977. మా ఆలేరు అప్పుడు నల్లగొండ జిల్లాలో ఉండేది, 2016 నుంచి యాదాద్రి భువనగిరి జిల్లాలోకి వచ్చింది. సికింద్రాబాదు నుంచి కాజీపేట పోయే రైలు మార్గం మీది ఊరు. మా ఇంటికి బండి కూత వినపడేది. కాలువ నీళ్ళు ఎరుగని నేల మాది. వాన పడితే వాగు, లేకుంటే బావి. నాకు పన్నెండేళ్ళు. బజారులో పుస్తకాలు అద్దెకిచ్చే దుకాణం ఒకటి ఉండేది. కొమ్మూరి సాంబశివరావు గారి నవలలన్నీ అక్కడే చదివాను. నన్ను నేను డిటెక్టివ్ యుగంధర్ అనుకునేంత ధైర్యం లేదు కానీ, ఆయన అసిస్టెంటు రాజు ఉద్యోగానికి మాత్రం తగుదునని గట్టి నమ్మకం ఉండేది. జాతరలో కొన్న భూతద్దం జేబులో ఉండేది.

ఆ ఎండాకాలం మా ఇంట్లో పెళ్ళి. ఇంటినిండా చుట్టాలు. పెళ్ళి అయిన మూడోనాడు మా చిన్నమ్మ గుండ్లపేరు కనిపించలేదు. ముప్పైరెండు బంగారు గుండ్లు, నడుమ ఒక పతకం. చిన్నమ్మ అమ్మగారింటి నుంచి వచ్చిన ఏకైక సొమ్ము అది. పెట్టెలు వెతికారు, గాదెలు వెతికారు, పరుపులు విప్పారు. ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం మొదలైంది. పెళ్ళి ఇల్లు రెండు రోజుల్లో చావు ఇంటిలా మారింది. అడగాలంటే అడగలేరు, అడగకుండా ఉండలేరు.

నేను భూతద్దం తీశాను. పెరట్లో చేదబావి గట్టు పక్కన, నీళ్ళు ఒలికి తడిసిన మట్టిలో, ఒక పాదముద్ర కనిపించింది. కుడి పాదం, బొటనవేలు పక్క వేలు లేదు. ఆ గుర్తు ఎవరిదో నాకు తెలుసు. మా ఇంటి జీతగాడికి గొడ్డలి తగిలి ఆ వేలు పోయింది. నా గుండె ఎంత ఎగిరిందో ఇప్పటికీ గుర్తున్నది. నవలలో లాగా ఒక ఆధారం నా కోసమే ఎవరో అక్కడ పెట్టిపోయినట్లు అనిపించింది.

ఇప్పుడు రాస్తుంటే సిగ్గు వేస్తున్నది. రోజూ తెల్లవారకముందే ఆ బావిలో నీళ్ళు తోడి గోలాలు నింపే మనిషి ఆయనే. ఆ గట్టు మీద ఆయన అడుగు ఉండక ఎవరి అడుగు ఉంటుంది? అక్కడ ఆయన అడుగు కనిపించని రోజు ఏదైనా ఉంటే, నిజానికి ఆ రోజును గురించి ఆలోచించాలి.

మర్నాడు మా తాత అంజనం వేసేవాణ్ణి పిలిపించాడు. తెలియనివారికి చెప్తాను. తమలపాకుకు నూనెలో కలిపిన మసి పూసి, పిల్లవాడిని కూర్చోబెట్టి అందులోకి చూడమంటారు. దొంగ కనిపిస్తాడంటారు. పిల్లలకు కల్మషం ఉండదు కనుక పిల్లలకే కనిపిస్తుందంటారు. ఇంట్లో ఆ వయసు పిల్లల్లో పెద్దవాణ్ణి నేను. తలుపులు వేసి, దీపం పెట్టి, నన్ను పీట మీద కూర్చోబెట్టారు. చుట్టాలందరూ గోడల వెంబడి నిలబడ్డారు.

"ఏం కనబడుతున్నది బిడ్డా?"

"ఎవరో మనిషి."

"ఎట్లున్నడు? నడుస్తున్నడా, నిలబడ్డడా?"

"బాయి కాడ నిలబడ్డడు."

"మంచిగ చూడు. గుర్తు పట్టినవా?"

నేను పేరు చెప్పాను.

నల్లని నూనెలో దీపం వెలుగు, నా ముఖం తప్ప మరేమీ లేదు. కానీ అబద్ధం చెప్పానని నేను ఆనాడు అనుకోలేదు. ముందే తేల్చుకున్న సంగతిని, అడిగినవారికి అప్పగించాను, అంతే. నాకు ఇంకా బాగా గుర్తున్నది పేరు చెప్పిన తరువాతి క్షణం. గోడల వెంబడి నిలబడ్డ మేనత్తలు, మేనమామలు, పెద్దనాయనలు అందరి ముఖాల్లోనూ ఒక్కసారి తేలిక కనిపించింది. ఒక్కరి పేరు బయటికి వస్తే మిగిలినవాళ్ళందరూ విడుదలైపోతారు.

ఆయనను పిలిచి అడిగారు. ఆయన మా తాతకు జవాబు చెప్పలేదు. నా వైపు చూసి, "నాకు దెల్వది చిన్న పటేలా" అన్నాడు. ఎవరు పేరు చెప్పారో అప్పటికే ఆయనకు తెలిసిపోయింది. పోలీసుల దాకా పోలేదు. రావలసిన జీతాన్ని గుండ్ల కింద జమ కట్టుకున్నారు. వారం తిరగకముందే ఆయన భార్యనూ ఇద్దరు పిల్లలనూ తీసుకొని పొద్దుటి బండి ఎక్కాడు. మళ్ళీ ఊరి ముఖం చూడలేదు.

*

ఇప్పుడు కూపర్ కేసులోకి మళ్ళీ వస్తే, నాకు అందులో నేరస్థుడి కంటే అతన్ని వెతికినవాళ్ళ మీదే ఎందుకు ధ్యాస నిలిచిందో మీకు అర్థమవుతుంది.

వెతికినవాళ్ళు రెండు రకాలు. మనిషిని పట్టుకొని బయలుదేరినవాళ్ళు ఒక రకం, వస్తువును పట్టుకొని బయలుదేరినవాళ్ళు ఇంకొక రకం.

మొదటి రకానిది పెద్ద గుంపు. దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐయే మొదటి అయిదేళ్ళలో 800 మందికి పైగా అనుమానితులను పరిశీలించి, ఇరవై పైచిలుకు తప్ప అందరినీ కొట్టివేసింది. ఆ తరువాత ఔత్సాహికులు వచ్చారు. మా నాన్నే కూపర్ అన్న కూతుళ్ళున్నారు, మా ఆయన చావుబతుకుల్లో ఒప్పుకున్నాడన్న భార్యలున్నారు, పక్కింటి మాజీ సైనికుణ్ణి ఏళ్ళ తరబడి నీడలా వెంబడించి పుస్తకాలు రాసినవాళ్ళున్నారు. వాళ్ళ పద్ధతి ఒక్కటే. ముందు మనిషి దొరుకుతాడు, తరువాత అతని బతుకంతా సాక్ష్యమవుతుంది. పారాచూటు తెలుసా? సాక్ష్యం. పొగ తాగుతాడా? సాక్ష్యం. ఆ వారం ఇంట్లో లేడా? అదీ సాక్ష్యమే. బావి గట్టు మీది అడుగు లాంటివి ఇవన్నీ. ఆ పేర్లు వెతికితే ఎవరికైనా దొరుకుతాయి. ఒక్కరి మీదా నేరం రుజువు కాలేదు కనుక నేను ఇక్కడ రాయను. రుజువైన పేరు ఒకటి చెప్తాను, రిచర్డ్ మెకాయ్. 1972 ఏప్రిల్‌లో ఇదే పద్ధతిలో విమానం మళ్ళించి అయిదు లక్షల డాలర్లతో దూకి, రోజుల్లోనే దొరికిపోయాడు. అది వేరే విమానం, వేరే నేరం. అతడే కూపర్ అనేవాళ్ళు నేటికీ ఉన్నారు, కానీ పరిచారికలు చెప్పిన పోలికలకు అతడు సరిపోలేదు.

రెండో రకం చాలా చిన్నది. 2007 తరువాత, కేసు చూస్తున్న ఎఫ్‌బీఐ అధికారి లారీ కార్ ఒక అరుదైన పని చేశాడు. దాచిపెట్టిన వివరాలు కొన్ని బయటపెట్టి, బయటివాళ్ళను సాయం అడిగాడు. డాన్ కూపర్ అనే పేరుతో బెల్జియంలో ఫ్రెంచి భాషలో వచ్చిన బొమ్మల కథలున్నాయని, వాటిలోని నాయకుడు కెనడా వాయుసేన పైలట్ అని, దొంగ ఆ పేరు అక్కడి నుంచి తీసుకొని ఉండవచ్చునని ప్రచారంలోకి తెచ్చినది కూడా ఆయనే. బొమ్మల కథ చదివి ఒకడు నేరం చేసి ఉండవచ్చు. నవలలు చదివి నేరం పట్టినవాడు ఒకడు ఉన్నాడని నాకైతే తెలుసు.

సాయానికి వచ్చినవారిలో టామ్ కే అనే శిలాజ పరిశోధకుడు ఒకరు. ఒక శాస్త్రీయ చిత్రకారిణి, ఒక లోహ శాస్త్రజ్ఞుడు ఆయనతో కలిశారు. పోలీసులు కారు, జీతం లేదు. వాళ్ళు ఎవరి పేరునూ వెంట తెచ్చుకోలేదు. టైను, నోట్లను ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కింద పెట్టారు.

టై మీద స్వచ్ఛమైన టైటానియం రేణువులు దొరికాయి. 1971లో ఆ లోహం అలా మిశ్రమం లేకుండా మామూలు మనుషుల బట్టల మీదికి వచ్చే వస్తువు కాదు. లోహాల కర్మాగారాల్లో, రసాయన పరిశ్రమల్లో తిరిగే మనిషికి అంటుతుంది. అక్కడ కూలివాళ్ళు టై కట్టరు కనుక ఇంజనీరో మేనేజరో కావచ్చునని ఒక ఊహ. తరువాత సీరియం వంటి అరుదైన మూలకాల రేణువులూ కనిపించాయి. వెంటనే కొందరు ఆ కర్మాగారాల్లో పనిచేసినవాళ్ళ జాబితాలు తిరగేసి మళ్ళీ పేర్లు పట్టుకొచ్చారు. కానీ టై చెప్పేది తాను ఎక్కడెక్కడ తిరిగిందో, అంతవరకే. ఆ టై మీద ఒకరి కంటే ఎక్కువమంది డీఎన్‌ఏ ఆనవాళ్ళున్నాయి. పాత బట్టల దుకాణంలో కొన్నదైతే? అన్న దగ్గర తీసుకున్నదైతే? టైటానియం మొదటి యజమానిదైతే?

నోట్ల సంగతి ఇంకా బాగుంటుంది. నీళ్ళలో డయాటమ్‌లు అనే అతి సూక్ష్మమైన శైవలాలు ఉంటాయి. వాటికి గాజు వంటి పెంకు. అవి చచ్చినా పెంకు చావదు. మా బడిలో చెరువు నీటి చుక్కను సూక్ష్మదర్శిని కింద పెట్టి పిల్లలకు చూపించేవాణ్ణి. ఒక్కొక్క జాతిదీ ఒక్కొక్క ఆకారం, ముగ్గుల్లాగా ఉంటాయి. ఒక్కొక్క జాతికీ ఒక్కొక్క రుతువు. టామ్ కే బృందం 2020లో ప్రచురించిన పరిశోధనలో, కట్టల మధ్యలోని నోటు మీద ఆస్టరియొనెల్లా అనే నక్షత్రాకారపు జాతి కనిపించిందని రాశారు. అది వసంతకాలంలో విస్తారంగా పెరుగుతుంది. కూపర్ దూకినది నవంబరులో. దూకిన రాత్రే నోట్లు నదిలో పడి ఉంటే శీతకాలపు జాతులుండాలి. ఏడాది పొడుగునా నీటిలో నానితే అన్ని కాలాలవీ ఉండాలి. రెండూ కాదు. కాబట్టి ఆ నోట్లు దూకిన కొన్ని నెలల తరువాత, ఒక వసంతంలో, కొద్దికాలం నీళ్ళలో మునిగి, తరువాత ఇసుకలో కప్పబడి ఉండాలి.

ఆ నెలలు అవి ఎక్కడున్నాయి? ఎవరైనా తెచ్చి అక్కడ పూడ్చారా? మనిషి బతికాడా? దానికి డయాటమ్ జవాబు చెప్పదు. ఆ బృందమూ చెప్పలేదు. పదకొండేళ్ళ ఓపికకు ఫలితం ఒక మనిషి పేరు కాదు, ఒక రుతువు పేరు. నాకు ఆ పరిశోధన మీద అంత గౌరవం కలగడానికి కారణం, అది ఆగవలసిన చోట ఆగడమే.

2016 జూలైలో ఎఫ్‌బీఐ ఈ కేసు మీద చురుకైన దర్యాప్తును 45 ఏళ్ళ తరువాత ఆపివేసింది. ఆపిన తరువాత కూడా కొత్త పేర్లు వస్తూనే ఉన్నాయి.

*

1987 కరువు మావైపు ఇంకా ఎవరూ మరిచిపోలేదు. మా చేదబావి అడుగంటింది. పూడిక తీయించాము. తట్టలతో పైకి వచ్చిన ఒండ్రును పెరట్లో కుప్ప పోశారు. దానిలో రెండు బొక్కెనలు, ఒక ఇత్తడి చెంబు, పిల్లలు పారేసుకున్న గోలీలు వచ్చాయి. కుప్పను గోకుతున్న మా చెల్లెలి కొడుకు ఒక పసుపు పచ్చని గుండును తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఆ సాయంత్రం మేము ఒండ్రునంతా జల్లెడ పట్టాము. పందొమ్మిది గుండ్లు దొరికాయి. పతకం దొరకలేదు, పేరు గుచ్చిన దారం ఎప్పుడో కుళ్ళిపోయి ఉంటుంది.

నేను ఆ రాత్రి నిద్రపోలేదు. ఆయన నిర్దోషి అని తేలిపోయింది, అని నాలో నేను వందసార్లు అనుకున్నాను. తెల్లవారేసరికి, నేను మళ్ళీ పాత పనే చేస్తున్నానని అర్థమైంది. గుండ్లు బావిలో ఉన్నాయి. అంతవరకే నాకు తెలుసు. చిన్నమ్మ నీళ్ళు చేదుతుండగా పేరు తెగి పడి ఉండవచ్చు. ఆమెకు చివరిదాకా అలా జరిగిన గుర్తు లేదు. చుట్టాల్లో ఎవరో తీసి, వెతుకులాట చూసి భయపడి బావిలో వేసి ఉండవచ్చు. అంజనం సంగతి విని ఆ రాత్రే వేసి ఉండవచ్చు. మిగిలిన పదమూడు గుండ్లూ పతకమూ బావి రాతికట్టు సందుల్లో ఉండవచ్చు, ఉండకపోవచ్చు. ఆయనే వేశాడనడానికి కూడా, అదే లెక్కన, ఆస్కారం ఉంది. దొంగ ఎవరని అడిగితే గుండ్లు నోరు విప్పవు. అసలు దొంగతనం జరిగిందా అన్నదీ చెప్పవు. నేను 1977లో అడగవలసిన మొదటి ప్రశ్న అదే. పోయింది అనడానికీ, ఎత్తుకుపోయారు అనడానికీ మధ్య ఎంత దూరం ఉందో ఆనాడు ఇంట్లో ఒక్కరూ చూడలేదు.

మా బాపును అడిగాను, ఆయన ఎక్కడికి పోయాడో కనుక్కుందామని. "ఇప్పుడెందుకురా అవన్నీ" అన్నాడు బాపు. తరువాత మాత్రం తానే ఇద్దరు ముగ్గురిని వాకబు చేశాడు. ఒకరు బొంబాయి అన్నారు, ఒకరు సూరత్ అన్నారు. ఆయన దూరపు బంధువొకాయన ఆలేరు స్టేషను ముందు టీ కొట్టు దగ్గర కలిస్తే, నేను జరిగినదంతా చెప్పాను. ఆయన టీ తాగడం పూర్తిచేసి, "ఇప్పుడు దొరికినయా పటేలా" అని మాత్రం అన్నాడు. జమ కట్టుకున్న జీతానికి లెక్క కట్టి, ఇవ్వబోతే తీసుకోలేదు. తనకు ఇస్తే చేరదన్నాడు. ఆ మాట నిజమే.

ఆనాడు అంజనం ముందు కూర్చొని "వాడు" అన్నాను. మా ఇంట్లో పిల్లలం కూడా ఆయనను "వాడు" అనేవాళ్ళం, అందులో తప్పున్నదని ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు "ఆయన" అని రాస్తున్నాను. ఈ మర్యాద ఆయనకు చేరేది కాదని తెలిసే రాస్తున్నాను.

చిన్నమ్మ ఆ పందొమ్మిది గుండ్లనూ మళ్ళీ గుచ్చుకోలేదు. కుంకుమ భరిణలో వేసి పెట్టెలో ఉంచింది. ఆమె పోయాక అది నా దగ్గరికి వచ్చింది. అప్పుడప్పుడు తీసి, పాత అలవాటు కొద్దీ, భూతద్దంతో చూస్తాను. కొన్ని గుండ్లకు సన్నని గీతలున్నాయి. రాతికి రాసుకున్నవి కావచ్చు, జల్లెడ పట్టినప్పుడు పడినవి కావచ్చు.

ఇంత రాసీ ఆయన పేరు ఎందుకు రాయలేదని మీరు అడగవచ్చు. పేరు నాకు బాగా గుర్తున్నది. ఆ పేరు ఒకసారి నా నోట వచ్చింది. అది చాలు.